బ్యాంకు కంటే ముందు ఈమెయిల్‌కి తాళం వేయండి

ప్రశ్న: మరో రెండేళ్లలో రిటైరవుతాను. రెండు బ్యాంకు ఖాతాలు, మ్యూచువల్ ఫండ్లు, కొన్ని షేర్లు, పెన్షన్ ఖాతా ఉన్నాయి. అన్నీ ఫోన్‌లోనే చూసుకుంటాను. ఈమధ్య నా మిత్రుడి ఖాతాలోంచి డబ్బు పోయింది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఒట్టేసి చెబుతున్నాడు. అప్పటినుంచి భయంతో నెలకోసారి పాస్‌వర్డ్ మారుస్తున్నాను. గుర్తుండక అన్నిటికీ దాదాపు ఒకటే పెడుతున్నాను. ఆన్‌లైన్ సౌకర్యమంతా తీసేయించి పాత పద్ధతికి వెళ్లిపోతే మేలా? నాకేమైనా అయితే మా ఆవిడ వీటన్నిటినీ ఎలా చూసుకోవాలి?

జవాబు: ముందు మీ మిత్రుడి మాట నమ్మండి. ఓటీపీ నోటితో చెప్పకుండానే డబ్బు పోయే దారులు ఉన్నాయి. ఆయనకి ఒక హెచ్చరిక కూడా అందించండి. పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామని, ముందుగా కొంత ఫీజు కట్టమని ఫోన్లు రావచ్చు. ఒకసారి మోసపోయినవాళ్లనే వెతుక్కుంటూ వచ్చే రెండో మోసం అది.

ఇక మీ ప్రశ్న. ఆన్‌లైన్ మానేయకండి. మీరు లాగిన్ పెట్టుకోనంత మాత్రాన మీ ఖాతా సురక్షితం కాదు. చాలా సంస్థల్లో ఖాతా నంబరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు తెలిసి, మీ ఫోన్ నంబరు కూడా చేతికి చిక్కితే మీ పేరుతో ఇంకెవరైనా కొత్తగా లాగిన్ తెరిచే వీలుంటుంది. మీరే ముందు తెరిచి గట్టిగా మూసిపెట్టుకుంటే ఆ దారి ఉండదు. పైగా ఖాతాలో ఏం కదిలినా ఆ నిమిషమే తెలుస్తుంది. కాగితం స్టేట్‌మెంట్ కోసం ఎదురుచూస్తే దొంగకి వారాల గడువు ఇచ్చినట్టే.

మీ జాగ్రత్తంతా బ్యాంకు పాస్‌వర్డ్ మీదే ఉంది. ఒకసారి మీ ఫండ్ ఖాతాకి వెళ్లి ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అన్నది నొక్కి చూడండి. మీ ఈమెయిల్‌కి లింకో, మీ ఫోన్‌కి కోడో వస్తుంది. అది ఎవరి చేతికి వస్తే వాళ్లకి పాత పాస్‌వర్డ్‌తో పనే లేదు. ఇంటికి ఎంత మంచి తాళం వేసినా, మారు తాళం చెవి గుమ్మం పక్క గూట్లో పెట్టినట్టు ఉంది మీ పరిస్థితి. మీ డబ్బంతటికీ అసలు తాళాలు రెండే: ఈమెయిలూ, ఫోన్ నంబరూ. వాటిని భద్రం చేశాకే మిగతావి.

ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. దానికి ఇంకెక్కడా వాడని, పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు వరసగా రాస్తే చాలు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి మూడు చోట్ల చూడండి. పాత ఫోన్ నంబరు ఏదైనా రికవరీ నంబరుగా ఉండిపోయిందా? మీకు తెలియని ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో లాగిన్ అయి ఉందా? మూడోది చాలామంది చూడనిది, వచ్చిన మెయిళ్లు వాటంతటవే ఎక్కడికి పోవాలో చెప్పే ఫార్వర్డింగూ ఫిల్టర్లూ. దొంగ ఒకసారి లోపలికి వస్తే, బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లు మీ కంట పడకుండా నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఒక నియమం పెట్టిపోతాడు. ఆ తర్వాత మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ నియమం అలాగే ఉంటుంది.

వీలుంటే డబ్బు వ్యవహారాలకి విడిగా ఒక ఈమెయిల్ పెట్టుకోండి. దాన్ని ఏ షాపింగ్ సైటుకీ, ఏ ఫారానికీ ఇవ్వకండి.

ఫోన్ నంబరు సంగతి. 2024 జనవరిలో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతానే దొంగలు పట్టేశారు. బిట్‌కాయిన్ ఫండ్లకి అనుమతి ఇచ్చేశామని అందులో ఒక అబద్ధపు ప్రకటన పెట్టారు. వాళ్లు ఏ కంప్యూటర్‌నీ బద్దలుకొట్టలేదు. ఆ ఖాతాకి కట్టి ఉన్న ఫోన్ నంబరును మొబైల్ కంపెనీ ద్వారా మరో సిమ్ మీదికి మార్పించుకుని పాస్‌వర్డ్ మార్చేశారు. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే రెండో అంచె తనిఖీ అంతకు ఆరు నెలల ముందే తీసేసి ఉంది. మార్కెట్లని కాపలా కాసే సంస్థకే ఇది జరిగిందంటే మీ మిత్రుణ్ణి నిందించడంలో అర్థం లేదు.

అందుకని మీ సిమ్‌కి పిన్ పెట్టండి. ఫోన్ పోయినప్పుడు సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసి మీ ఓటీపీలు చదవకుండా అది ఆపుతుంది. పిన్ వరసగా మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి, దాన్ని మళ్లీ తెరిచే పీయూకే అనే నంబరు అడుగుతుంది కాబట్టి ఆ నంబరు ముందే రాసిపెట్టుకోండి. సిమ్ మార్చకుండా అదనపు లాక్ ఏదైనా ఉందా అని మీ మొబైల్ కంపెనీని అడగండి. లాక్ చేసిన ఫోన్ తెరమీద మెసేజీలు కనిపించకుండా చేయండి. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్లకి వస్తూ ఉంటే రేపు చూద్దాంలే అనుకోకండి. వేరే ఫోన్ నుంచి వెంటనే మొబైల్ కంపెనీకీ బ్యాంకుకీ చెప్పండి.

ఎస్సెమ్మెస్ కోడ్ కంటే, లాగిన్ కోడ్‌ని తనే చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. అందులో కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. అది మీ ఫోన్‌లోనే తయారవుతుంది కాబట్టి సిమ్ దొంగిలించినవాడికి దొరకదు. కానీ దానికీ ఒక లోటుంది. అచ్చం బ్యాంకులాగే కనిపించే నకిలీ సైటులో మీరే ఆ కోడ్ కొడితే, దొంగ అదే క్షణంలో దాన్ని అసలు సైటులో వాడేస్తాడు. ‘ఎవరికీ చెప్పలేదు’ అనే చాలామంది విషయంలో జరిగింది ఇదే కావచ్చు. దీనికి మందు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లాక్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయ్యే పద్ధతి. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ దీన్ని విస్తరిస్తామని 2022లో ప్రకటించాయి. పాస్‌కీ అసలు సైటు చిరునామాకి ముడిపడి ఉంటుంది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా పనిచేయదు. మన కళ్లు మోసపోయినా అది మోసపోదు. మీ ఈమెయిల్‌లో ఈ సౌకర్యం ఉంటే ఇవాళే పెట్టుకోండి.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చడం ఆపేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే, లీకైందన్న ఆధారం లేనప్పుడు గడువు పెట్టి మార్పించవద్దని తన మార్గదర్శకాల్లో రాసింది. తరచూ మార్చమంటే మనం చేసేది చివర అంకె పెంచడమే, మీరూ అదే చేస్తుంటారు. అంతకంటే ప్రమాదం అన్నిటికీ ఒకటే పెట్టడం. 2013లో యాహూలో జరిగిన చోరీలో 300 కోట్ల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. అలా ఒకచోట దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతల్ని దొంగలు యంత్రాలతో బ్యాంకుల్లోనూ బ్రోకర్ల దగ్గరా ప్రయత్నిస్తూనే ఉంటారు. కొన్నేళ్ల కింద ఏదో సైటులో మీరు పెట్టి మర్చిపోయిన పాస్‌వర్డ్ ఇవాళ మీ ఫండ్లని తెరవొచ్చు. ఆ యాహూ చోరీలో భద్రతా ప్రశ్నల జవాబులు కూడా పోయాయి. కాబట్టి అమ్మ పుట్టింటి పేరు అడిగినచోట నిజం చెప్పాలని లేదు. మీకు మాత్రమే తెలిసిన ఏదో మాట రాయండి.

ఇన్ని పాస్‌వర్డ్‌లు గుర్తుండవు, అందుకే వాటన్నిటినీ భద్రంగా దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ వాడండి. అది నచ్చకపోతే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. ఇంటర్నెట్ దొంగ మీ బీరువా తెరవలేడు. ఆ పేజీని ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోవడం మాత్రం వద్దు.

ఆర్థిక ప్లానర్‌గా నేను గట్టిగా చెప్పేది ఇప్పుడు. ఎన్ని తాళాలు వేసినా ఏదో ఒకరోజు ఒకటి తెరుచుకోవచ్చు. ఆరోజు ఎంత పోతుందన్నది మీరు ఇప్పుడే నిర్ణయించుకోవచ్చు. ఉన్న రెండు బ్యాంకు ఖాతాలకీ వేరువేరు పనులు అప్పగించండి. రోజువారీ చెల్లింపుల యాప్‌లూ కార్డూ ఒకదానికే కట్టి, అందులో నెల ఖర్చుకి సరిపడా మాత్రమే ఉంచండి. రెండోదాన్ని ఏ యాప్‌కీ కలపకండి. దాని బదిలీ పరిమితిని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించండి. పెద్ద మొత్తం కావలసినప్పుడు ఒకరోజు ముందు పరిమితి పెంచుకోవాల్సి వస్తుంది. ఆ ఇబ్బందే మీకు రక్షణ. రిటైరయ్యాక ఒకేసారి చేతికొచ్చే డబ్బు కూడా ఈ రెండో ఖాతాలోకే రావాలి.

ఫండ్లు, షేర్లు, పెన్షన్ విషయంలో దొంగ ముందుగా కదిలించేది డబ్బును కాదు, డబ్బు వెళ్లే చిరునామాని. నమోదైన బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, ఈమెయిల్ మారినట్టు ఏ చిన్న సమాచారం వచ్చినా డబ్బు పోయినంత తీవ్రంగా తీసుకోండి. ఆ అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో ప్రతి సంస్థలోనూ చూడండి.

మీ ఆవిడ గురించి అడిగినందుకు సంతోషం. మీ లాగిన్‌నే ఆమెకి ఇవ్వకండి. ఉమ్మడి ఖాతా చేసి ఆమెకి సొంత లాగిన్ తీయించండి, నెలకి ఒకసారైనా ఆమె చేతే బిల్లు కట్టించండి. అన్నిచోట్లా నామినీ పేరు ఉందో లేదో సరిచూడండి. ఒక కాగితం మీద ఏ సంస్థలో ఏ ఖాతా ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. అందులో పాస్‌వర్డ్‌లు వద్దు. ఫోన్ చేతిలో లేకపోయినా ఈమెయిల్ తెరిచే రికవరీ కోడ్‌లూ, ఫోన్ పిన్నూ వేరే కవరులో పెట్టి, అంటించి, అది ఎక్కడుందో ఆమెకి చెప్పండి. పాస్‌వర్డ్ మారినా మారకపోయినా ఏడాదికోసారి ఇద్దరూ కలిసి ఆ కాగితం తీసి, మూసేసిన ఖాతాలు కొట్టేసి కొత్తవి చేర్చండి.