యుద్ధం లేకపోయినా నేవీలో ప్రాణాలు పోతాయా? ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు. నేవీలోనే చేరతానని పట్టుబట్టి కూర్చున్నాడు. యుద్ధం వస్తే వెళ్లక తప్పదు, దానికి మనసు గట్టి చేసుకున్నాను. కానీ రేవులో ఆగి ఉన్న సబ్‌మెరైన్‌ పేలిపోయి లోపలివాళ్లు చనిపోయారని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వాళ్ల నాన్న ‘ప్రమాదాలు ఎక్కడ లేవు’ అంటారు. వాడేమో ‘నాకేం కాదమ్మా’ అంటాడు. ఇద్దరి మాటా నాకు ధైర్యం ఇవ్వడం లేదు. పంపమంటారా, ఆపమంటారా?

జవాబు: అమ్మా, మీ భయంలో నిజం ఉంది. మీవారి మాటే నేనూ చెప్పి మిమ్మల్ని పంపించేయను.

మీరు చదివింది బహుశా సింధురక్షక్ గురించి అయి ఉంటుంది. 2013 ఆగస్టు 14, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ముంబయి నౌకాశ్రయంలో కట్టి ఉన్న ఆ సబ్‌మెరైన్‌లో పేలుళ్లు జరిగాయి. లోపలున్న 18 మందిలో ఒక్కరూ బతకలేదు. ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 2014 ఫిబ్రవరి 26న, ముంబయికి దూరంగా సముద్రంలో ఉన్న సింధురత్న అనే ఇంకో సబ్‌మెరైన్‌లో మంట లేచి, పొగ కమ్మిన చోట ఇద్దరు ఆఫీసర్లు చనిపోయారు. అదే రోజు నౌకాదళాధిపతి అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి రాజీనామా చేశారు. శత్రువు ఎక్కడా లేడు. అయినా 20 ప్రాణాలు పోయాయి. కాబట్టి ‘యుద్ధం లేకపోతే భయం లేదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే ఎంతమంది పోయారన్న లెక్క దగ్గరే ఆగిపోతే మీ అబ్బాయి విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోలేరు. ఎలా పోయారన్నది చూడాలి. నేవీ అనగానే మన కళ్లముందు తుఫాను, కొండంత అల, మునిగిపోతున్న ఓడ మెదులుతాయి. నేను చదివిన ప్రమాదాల్లో చాలావాటికి మూలం అంత పెద్దది కాదు. ఒక వాల్వు, ఒక తలుపు, నిద్రలేని ఒక రాత్రి. 1939 జూన్ 1న బ్రిటన్‌లోని లివర్‌పూల్ బే దగ్గర థెటిస్ అనే కొత్త సబ్‌మెరైన్‌ని పరీక్షించడానికి తీసుకెళ్లారు. టార్పెడో అంటే నీటి అడుగున దూసుకెళ్లి పేలే ఆయుధం. దాన్ని వదిలే గొట్టంలో నీళ్లున్నాయా లేదా అని చూడటానికి ఒక చిన్న కుళాయి ఉంటుంది. దాన్ని తిప్పితే చుక్క కూడా రాలేదు. గొట్టం ఖాళీ అనుకుని లోపలి తలుపు తీశారు. నిజానికి గొట్టం బయటి మూత తెరిచే ఉంది, గొట్టం నిండా సముద్రమే. కుళాయి రంధ్రానికి పెయింటు అడ్డుపడి నీళ్లు బయటికి రాలేదు, అంతే. ముందు భాగం అడుగుకు దిగిపోయింది. మర్నాడు ఉదయం వెనక భాగం నీటిపైన కనిపిస్తూనే ఉంది, సాయానికి ఓడలు పక్కకే వచ్చాయి. అయినా లోపల గాలి విషమైపోయి, 103 మందిలో నలుగురే బయటపడ్డారు.

ఎండిపోయిన కాస్త పెయింటు, 99 మంది. ఈ ఉద్యోగం గురించి అడిగే ప్రతి కుర్రాడికీ నేను మొదట ఇదే చెబుతాను. పెయింటు వేసినవాడు, పని సరిగ్గా జరిగిందో లేదో చూడాల్సినవాడు, తలుపు తీసినవాడు, ఎవరూ చెడ్డవాళ్లు కారు. చెక్ చేశామనే అనుకున్నారు.

ఇక ట్యాంకుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, మీ అబ్బాయికి కూడా ఇది చదివి వినిపించండి. ఓడ అంటే మూసి ఉన్న గదుల గుట్ట. నీళ్ల ట్యాంకులు, ఇంధనం ట్యాంకులు, మురుగు ట్యాంకులు, నెలల తరబడి ఎవరూ తెరవని ఇనుప గదులు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. మూసేసిన ఇనుప గదిలో గోడలు తుప్పు పడుతూ ఆ ఆక్సిజన్‌ని తినేస్తాయి. వాసన ఉండదు, పొగ ఉండదు, చూడటానికి మామూలు గదిలాగే ఉంటుంది. పది శాతం కన్నా తగ్గిన చోట అడుగుపెట్టిన మనిషికి ఊపిరాడట్లేదన్న అనుభూతి కూడా రాకపోవచ్చు. ఎందుకంటే మనకు ఉక్కిరిబిక్కిరి అనిపించేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగినప్పుడు, ఆక్సిజన్ తగ్గినప్పుడు కాదు. మనిషి హెచ్చరిక లేకుండా కూలబడిపోతాడు. మురుగు ట్యాంకులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ ఘోరం. కాస్త ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే వాసన చూసే శక్తినే చంపేస్తుంది. ‘వాసన పోయింది, పర్లేదు’ అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదకరమైన క్షణం.

ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటు కూడా ప్రాణం తీయగలదు. 2008 నవంబరు 8న రష్యా సబ్‌మెరైన్‌ నెర్పా సముద్రంలో పరీక్షల్లో ఉండగా, మంటలార్పే గ్యాస్ పొరపాటున విడుదలై 20 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది సైనికులు కూడా కారు, పరీక్షల కోసం ఎక్కిన సాధారణ ఉద్యోగులు. 2014 మార్చిలో ముంబయిలో, ఇంకా నౌకాదళానికి అప్పగించని కోల్‌కతా అనే యుద్ధనౌకలో మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ లీకై ఒక కమాండర్ ప్రాణం పోయింది.

ఇలాంటి చోట మొదటివాడు పడిపోయాక రెండోవాడు ఏం చేస్తాడు? స్నేహితుడు కళ్లముందు పడి ఉంటే పరుగెత్తి లోపలికి దూకుతాడు. వాడూ పడిపోతాడు. మూసి ఉన్న గదుల ప్రమాదాల్లో ఒక మరణం రెండు, మూడు అయ్యేది ఇలాగే. 1955 జూన్ 16న బ్రిటన్‌లోని పోర్ట్‌లాండ్ రేవులో సిడాన్ అనే సబ్‌మెరైన్‌లో టార్పెడో పేలి 12 మంది సిబ్బంది చనిపోయారు. పదమూడో మనిషి ఆ సబ్‌మెరైన్‌ సిబ్బంది కాదు. గాయపడినవాళ్లకి సాయం చేయడానికి లోపలికి వెళ్లిన యువ డాక్టరు. కొందరిని బయటికి చేర్చి మళ్లీ లోపలికి వెళ్లాడు, ఊపిరాడక చనిపోయాడు. ఆయన తగిలించుకున్న శ్వాస పరికరం సరిగ్గా అమరలేదు. ఆయన ధైర్యానికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఆ పరికరాన్ని సరిచూసుకునే ఒక్క నిమిషం ఆయనకి దక్కి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

అందుకే అమ్మా, నేవీకి వెళ్తానన్న కుర్రాడిలో నేను ధైర్యం వెతకను. ధైర్యం ఆ వయసులో అందరికీ ఉంటుంది. ఆగగలడా అని చూస్తాను. కొలిచే పరికరం ‘సరే’ అనేదాకా, శ్వాస పరికరం మొహానికి సరిగ్గా అమరేదాకా, పైవాడి అనుమతి వచ్చేదాకా స్నేహితుడు లోపల ఉన్నా ఆగగలడా? అది చాలా కష్టమైన పని. నేర్పితే వస్తుంది, కానీ కొందరికి త్వరగా వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. ‘నాకేం కాదమ్మా’ అన్న మీవాడి మాటలో నన్ను కలవరపెట్టేది కూడా అదే. మిమ్మల్ని ఊరడించడానికి అన్నాడా, నిజంగానే అలా నమ్ముతున్నాడా అన్నది మీకే తెలియాలి.

ఇంట్లోనే దీన్ని గమనించవచ్చు. పోలీసులు లేని వీధిలో హెల్మెట్ పెట్టుకుంటాడా? కరెంటు పని చేసేటప్పుడు మెయిన్ ఆపుతాడా? జ్వరం వస్తే చెబుతాడా, దాచేస్తాడా? చివరిది చిన్న విషయం అనుకోకండి. జలుబు దాచి నీళ్లలోకి దిగిన డైవర్‌కి చెవి కర్ణభేరి పగలొచ్చు, తల తిరిగి పైకీ కిందకీ తేడా తెలియకపోవచ్చు.

రెండో విషయం నిద్ర, దానితోపాటు ‘నాకు రాదు’ అని చెప్పగలగడం. 2017లో అమెరికా నౌకాదళం రెండు నెలల తేడాలో రెండు ఘోర ప్రమాదాలు చూసింది. జూన్ 17న జపాన్ దగ్గర ఫిట్జ్‌జెరాల్డ్ అనే యుద్ధనౌక ఒక కంటైనర్ ఓడని ఢీకొని, మంచాల మీద నిద్రపోతున్న ఏడుగురు మునిగి చనిపోయారు. ఆగస్టు 21న సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ ఒక ట్యాంకర్‌ని ఢీకొని పదిమంది పోయారు. మెకెయిన్‌లో స్టీరింగ్, వేగం టచ్ స్క్రీన్ మీద ఉండేవి. ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి మార్చేటప్పుడు ఏది ఎవరి చేతిలో ఉందో తెలియక, ఓడ చెప్పినమాట వినడం లేదని అనుకున్నారు. నిజానికి ఓడ బాగానే ఉంది. ఆ రాత్రి అక్కడున్నవాళ్లలో కొందరు వేరే ఓడ నుంచి వచ్చినవాళ్లు, ఆ పరికరం మీద వాళ్లకి సరైన శిక్షణ లేదు. నిద్ర చాలకపోవడం కూడా కారణాల్లో ఒకటిగా తేలింది. పంతొమ్మిదేళ్ల కుర్రాడు పై ఆఫీసర్ ముందు నిలబడి ‘సార్, ఇది నాకు ఎవరూ నేర్పలేదు’ అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ‘రాదు అనకూడదు’ అని మనమే పెంచుతాం కదా. ఇప్పటి నుంచైనా వాడు తెలియదన్నప్పుడు మీరు కోప్పడకండి.

మిగతా ప్రమాదాలు తొందరగా చెప్పేస్తాను. ఓడని రేవుకి కట్టే లావుపాటి నైలాన్ మోకు బిగిసి సాగి తెగితే, కొరడాలా వెనక్కి కొట్టి మనిషిని చంపేయగలదు. దాని దారిలో నిలబడకూడదు, చుట్టలో కాలు పెట్టకూడదు. 20 నాట్ల (గంటకి సుమారు 37 కిలోమీటర్ల) వేగంతో వెళ్లే ఓడ నిమిషానికి 600 మీటర్లకి పైగా సాగిపోతుంది కాబట్టి, సముద్రంలో పడినవాణ్ని ఎవరూ చూడకపోతే అలల మధ్య ఆ తల మళ్లీ దొరకడం చాలా కష్టం. చన్నీళ్లయితే మొదటి నిమిషంలో అసంకల్పితంగా ఎగపీల్చే ఊపిరితోనే నీళ్లు మింగేస్తారు, ఈత బాగా వచ్చినా సరే. విమానాలు దిగే డెక్ మీద ఇంజిన్ లాగేసుకునే చోటు, వేడిగాలి తోసేసే చోటు ఉంటాయి. అందుకే అక్కడ ఎవరి పనికి తగ్గ రంగు చొక్కా వాళ్లు వేసుకుంటారు.

అందరికీ ఒకే స్థాయి ప్రమాదం ఉండదన్నది కూడా మీరు తెలుసుకోవాలి. సబ్‌మెరైన్‌, డైవింగ్, విమానాల డెక్, ఆయుధాల నిల్వ, ఇంజిన్ రూమ్ ఒక ఎత్తు. స్టోర్లు, కమ్యూనికేషన్, అకౌంట్స్ ఇంకో ఎత్తు, అయితే ఓడలో మంట లేస్తే అందరూ ఆర్పేవాళ్లే. సబ్‌మెరైన్‌కీ డైవింగ్‌కీ చాలా నౌకాదళాల్లో ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లనే తీసుకుంటారు. మీవాడు ఏ బ్రాంచి కోరుకుంటున్నాడో, ఎందుకో అడగండి. ‘అలవెన్సు ఎక్కువ’ అంటే ఇంకొంచెం కూర్చుని మాట్లాడండి.

మీరు అడగనిది ఒకటి ఉంది, దాటేయలేను. నేవీలో పనిచేసేవాళ్లు చనిపోయేది ఎప్పుడూ ఓడలోనే కాదు. సెలవు రోజుల్లో, డ్యూటీ బయట, కారు మీదా మోటార్‌సైకిల్ మీదా పోయినవాళ్ల గురించి అమెరికా నౌకాదళం భద్రతా విభాగం ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. మనసు కుంగిపోయి ప్రాణం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జార్జ్ వాషింగ్టన్ అనే అమెరికా విమానవాహక నౌకకి చెందిన ముగ్గురు వారం రోజుల్లోపే అలా వెళ్లిపోయారు. అప్పుడు ఆ నౌక సముద్రంలో కూడా లేదు, మరమ్మతులకి షిప్‌యార్డులో ఉంది. వాడు చేరితే, ఫోన్ చేసినప్పుడల్లా ‘బాగున్నావా, తిన్నావా’ దగ్గర ఆపకండి. నిద్ర పడుతోందా, అక్కడ మనసు విప్పి మాట్లాడే స్నేహితుడు ఉన్నాడా అని అడగండి. టెన్షన్ పడుతున్నట్టు అనిపిస్తే డాక్టర్‌తో మాట్లాడమని చెప్పండి, అది ఉద్యోగానికి మచ్చ అని మాత్రం అనకండి.

ఇంత చెప్పి ఆపమంటానని అనుకుంటున్నారేమో. అననమ్మా. ఈ వృత్తి తన మరణాల నుంచి నేర్చుకుంటుంది, అది నేను గౌరవించే విషయం. థెటిస్ తర్వాత బ్రిటన్ సబ్‌మెరైన్లలో ఆ తలుపు ఒక్కసారిగా తెరుచుకోకుండా, ముందు సన్నని సందు మాత్రమే ఇచ్చే క్లిప్ పెట్టారు. దాన్ని థెటిస్ క్లిప్ అనే పిలుస్తారు. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అనే అమెరికా సబ్‌మెరైన్‌ 129 మందితో మునిగాక, సముద్రపు నీటిని ఆపే ప్రతి భాగానికీ తనిఖీ, దానికి సాక్ష్యంగా కాగితం ఉండాలన్న సబ్‌సేఫ్ పద్ధతి తెచ్చారు. ఆ పద్ధతిలో ధ్రువీకరించిన సబ్‌మెరైన్‌ ఇప్పటిదాకా ఒక్కటీ మునగలేదు. కాకపోతే ఒకరి పాఠం ఇంకొకరికి ఎప్పుడూ చేరదు. సిడాన్‌లో పేలిన టార్పెడో హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రసాయనంతో నడిచేది, ఆ తర్వాత బ్రిటన్ దాన్ని వదిలేసింది. 45 ఏళ్ల తర్వాత, 2000 ఆగస్టు 12న, రష్యాలో కుర్‌స్క్ సబ్‌మెరైన్‌లో అదే పదార్థం వాడే టార్పెడో పేలి మొత్తం 118 మంది పోయారు.

కాబట్టి నా సలహా ఇది. ఆపకండి, కానీ ఊరికే ‘సరే’ అని కూడా అనకండి. చేరే ముందు వాడికి ఈత రావాలి, బట్టలతో నీళ్లలో తేలడం కూడా రావాలి. డ్యూటీలో జరిగిన ప్రమాదానికీ సెలవులో జరిగినదానికీ పరిహారం, బీమా నిబంధనలు వేరుగా ఉండొచ్చు, ఆ కాగితాలు వాడూ మీరూ కలిసి చదవండి. మెడికల్ పరీక్షలో ఏదీ దాచొద్దని చెప్పండి.

ఆ తర్వాత ఒకరోజు తీరికగా ఉన్నప్పుడు వాణ్ని ఇలా అడగండి: ‘ఓడలో ట్యాంకు మూత తీసి ఉంది. లోపల నీ స్నేహితుడు కదలకుండా పడి ఉన్నాడు. నీ పక్కన ఎవరూ లేరు. ఏం చేస్తావు?’ చాలామంది కుర్రాళ్లు ‘దూకి తీసుకొస్తా’ అంటారు, కంగారుపడకండి. సిడాన్ డాక్టరు కథ చెప్పి, ముందు అలారం కొట్టి మనుషుల్ని పిలవాలని, గాలి కొలిచి, శ్వాస పరికరం పెట్టుకుని, తాడు కట్టుకున్నాకే దిగాలని వివరించండి. అది విని ‘నేనైతే ఆగను’ అని వాదిస్తాడా, కాసేపు మాట్లాడకుండా ఉండి ‘తాడు రెండో కొన ఎవరి చేతిలో ఉండాలి?’ లాంటి ప్రశ్న అడుగుతాడా చూడండి. ఏమన్నాడో నాకు రాయండి. ఏ బ్రాంచి బాగుంటుందో అప్పుడు మాట్లాడుకుందాం.