ఇల్లు - చట్టం: ఓసీ లేని ఫ్లాటులో ఉంటున్నాం, ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో స్టిల్ట్ (స్తంభాల మధ్య పార్కింగ్‌కు వదిలే కింది భాగం) మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ల కిందట ఫ్లాటు కొన్నాం. మొత్తం ఇరవై ఫ్లాట్లు. రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను కూడా మా పేరు మీదే కడుతున్నాం. అమ్మాయి చదువుకి ఫ్లాటు మీద లోను అడిగితే బ్యాంకు వాళ్లు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తెమ్మన్నారు. బిల్డరేమో ‘రేపో మాపో వస్తుంది’ అంటున్నాడు. డాబా మీద పెంట్‌హౌస్ కూడా కట్టాడు. ఓసీ ఆయన తేవాలా, మేం తెచ్చుకోవాలా?
- ఒక పాఠకురాలు, మేడ్చల్ జిల్లా

జవాబు: ఆయనే తేవాలమ్మా. అందులో అనుమానం లేదు. ఎనిమిది ఫ్లాట్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వర్తిస్తుంది, మన రాష్ట్రంలో 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన ప్రాజెక్టులన్నీ దాని కిందికే వస్తాయి. ఓసీ తీసుకుని కొన్నవాళ్లకు, అసోసియేషన్‌కు అందించే బాధ్యతను ఆ చట్టం 11వ సెక్షన్ బిల్డర్ మీదే పెట్టింది.

రిజిస్ట్రేషన్, పన్ను రసీదు ఉన్నాయి కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. రిజిస్ట్రేషన్ ఆస్తి చేతులు మారిందని చెబుతుంది, అంతే. పన్ను అక్రమ కట్టడానికీ వేస్తారు. కట్టింది ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ వచ్చి చూసి ఇచ్చే కాగితం ఓసీ ఒక్కటే. అది లేని భవనానికి కరెంటు, నీళ్ల రెగ్యులర్ కనెక్షన్ ఇవ్వకూడదని, ఇస్తే ఓసీ వచ్చేదాకా మూడు రెట్ల చార్జీ వసూలు చేయవచ్చని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లోనే ఉంది. బ్యాంకులు ఓసీ చూశాకే అప్పివ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న గట్టిగా చెప్పింది. మీ బ్యాంకు అడిగింది అందుకే.

నేను టౌన్‌ప్లానింగ్‌లో పనిచేసినన్నాళ్లూ చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఓసీ ఆగిపోయిన చాలా భవనాల్లో ఫ్లాటు ఓనర్లు అసలు మంజూరైన ప్లానే చూసి ఉండరు. బ్రోచర్‌లోని బొమ్మ చూసి ఇదే ప్లాను అనుకుంటారు. కాబట్టి మీరు మొదట చేయాల్సిన పని మున్సిపల్ ఆఫీసు నుంచి శాంక్షన్డ్ ప్లాన్ కాపీ తీసుకోవడం. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

కాపీ వచ్చాక ఒక ఆదివారం అసోసియేషన్ వాళ్లంతా కలిసి, లైసెన్సు ఉన్న ఇంజినీరునో ఆర్కిటెక్టునో పిలిచి టేపు పట్టించండి. తనిఖీకి వచ్చే అధికారి ముఖ్యంగా చూసేవి ఎన్ని అంతస్తులున్నాయి, చుట్టూ సెట్‌బ్యాక్ (ఖాళీ జాగా) ఎంత వదిలారు, పార్కింగ్ ఉందా, ముందు రోడ్డు వెడల్పెంత అన్నవే. సెట్‌బ్యాక్ కొలిచేటప్పుడు కిటికీల మీది సన్‌షేడ్ 60 సెంటీమీటర్ల దాకా ఉన్నా ఫరవాలేదు. బాల్కనీ మాత్రం అందులోకి చొచ్చుకు రాకూడదు. స్టిల్ట్‌లో నాలుగు స్తంభాల మధ్య గోడ లేపి, షట్టరు బిగించి, ఎవరికైనా అద్దెకిచ్చారేమో చూడండి. కార్లుండాల్సిన చోట గది కనబడితే ఫైలు అక్కడే ఆగుతుంది.

పక్కనా వెనకా సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడా ఉంటే కాంపౌండింగ్ ఫీజు (జరిమానా లాంటిది) కట్టి సరిచేసుకోవచ్చు. ముందువైపు తేడాకు ఆ వెసులుబాటు లేదు. మీ పెంట్‌హౌస్ ప్లానులో లేకపోతే అది అదనపు అంతస్తే. ఈ పది శాతం సర్దుబాటు దానికి వర్తించదు. ఓసీ ‘రేపో మాపో’ రాకపోవడానికి అసలు కారణం అదే అయి ఉంటుందని నా అనుమానం.

మీరు వాడుకోదగ్గ పట్టు ఒకటుంది. 200 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టేటప్పుడు కట్టడంలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. ఓసీ వచ్చాకే విడిపిస్తారు. అంటే మీ ఇరవై ఫ్లాట్లలో రెండింటి పాటి భాగం అక్కడ ఆగి ఉండాలి. తాకట్టులో ఉన్నవి ఏయే ఫ్లాట్లో కనుక్కోండి, వాటిని ఎవరికైనా అమ్మేశాడేమో కూడా చూడండి. తర్వాత కొలతలన్నీ రాసి, గడువు పెట్టి, అసోసియేషన్ తరఫున బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. గోడల పగుళ్లు, లీకులు ఉంటే అవీ ఆ ఉత్తరంలోనే రాయండి. నిర్మాణ లోపాలకు స్వాధీనం నాటి నుంచి ఐదేళ్ల వరకు బాధ్యత ఆయనదే, మీకు మూడేళ్లు గడిచిపోయాయి. పలకకపోతే రెరా అథారిటీకి వెళ్లండి. ‘ఫ్లాటుకింత ఇవ్వండి, ఓసీ నేను తెచ్చిస్తాను’ అనేవాళ్లకు మాత్రం రూపాయి ఇవ్వకండి. ప్లానులో లేని అంతస్తును ఏ మధ్యవర్తీ ప్లానులోకి తేలేడు.

ప్రశ్న: మాకు డెబ్బై గజాల స్థలం ఉంది. కింద, పైన ఒక్కో పోర్షన్ వేసుకుంటాం. మాకూ ఈ తిప్పలు తప్పవా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తప్పుతాయి. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటని ఇంటికి భవన అనుమతులకు తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం అనుమతి అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు, ఓసీ కూడా అడగరు. కానీ అందులో మీరు రాసిచ్చే వివరాలకు పూర్తి బాధ్యత మీదే. తప్పుడు వివరాలిచ్చారని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఉంది. రెండో అంతస్తు వేసే ఆలోచన ఇప్పటినుంచే ఉంటే ఈ దారిలో వెళ్లకండి, మామూలు అనుమతికే దరఖాస్తు చేయండి.