‘దిశ చట్టం’ అనాలా, ‘దిశ బిల్లు’ అనాలా? ఉరిశిక్ష, మరణశిక్ష ఒకటేనా?

సందేహం: మా అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. ఒక గైడులో ‘దిశ చట్టం – 2019’ అని ఉంది, ఇంకోదాంట్లో ‘దిశ బిల్లు’ అని ఉంది. రెండూ ఒకటేనా? అలాగే పేపర్లలో ఉరిశిక్ష, మరణశిక్ష, మరణదండన అని మార్చి మార్చి రాస్తుంటారు. వీటిలో తేడా ఉందా? ‘కోర్టు ఉరిశిక్ష ఖరారు చేసింది’ అనడం సరైన తెలుగేనా?
– ఒక ఉపాధ్యాయురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీ అమ్మాయికి పరీక్ష దగ్గర్లో ఉందేమో, ముందు ఆ ముక్క తేల్చేస్తాను. ‘దిశ బిల్లు’ అని రాసిన గైడే సరైనది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరు 13న దాన్ని ఆమోదించిన మాట నిజమే. కానీ అది మహిళలపై, పిల్లలపై నేరాలకు త్వరగా, కఠినంగా శిక్ష పడేలా ఐపీసీ (భారత శిక్షాస్మృతి), సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చెప్పే స్మృతి)లను ఆ రాష్ట్రం వరకు సవరించే బిల్లు. నేరాలు, శిక్షలు ఉమ్మడి జాబితాలోని సంగతి. కేంద్రం చేసిన చట్టం ఒకటి ఉండగా రాష్ట్రం దానికి భిన్నంగా ఇంకోటి చేసుకుని చెల్లుబాటు చేసుకోవాలంటే, రాజ్యాంగంలోని 254(2) అధికరణ ప్రకారం రాష్ట్రపతి సమ్మతి కావాలి. దిశ బిల్లుకు అది రాలేదు. ఈలోగా 2024 జులై 1 నుంచి ఐపీసీయే పోయి, దాని చోట భారతీయ న్యాయ సంహిత వచ్చి కూర్చుంది. అంటే ఏ గోడకు వెల్ల వేద్దామనుకున్నారో ఆ గోడే లేదిప్పుడు.

మరి జనం నోట ‘దిశ చట్టం’ అని ఎలా స్థిరపడింది? అప్పట్లో కంటికి కనిపించేవి కొన్ని వచ్చాయి. 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో దిశ పోలీస్ స్టేషన్ తెరిచారు. దిశ యాప్ కూడా వచ్చింది. స్టేషన్ పెట్టడానికీ యాప్ తేవడానికీ రాష్ట్రపతి సమ్మతి అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు చాలు. స్టేషన్ బోర్డు కళ్లెదుట ఉంటే, ఫోన్లో యాప్ ఉంటే, దాని వెనక చట్టం లేదని ఎవరనుకుంటారు?

కానీ తప్పులో సగం వాటా మన ‘ఆమోదం’ అనే మాటదే అని నా అభిప్రాయం. బిల్లు సభలో నెగ్గితే ‘అసెంబ్లీ ఆమోదం’ అంటాం. గవర్నర్ సంతకం పెడితే ‘గవర్నర్ ఆమోదం’. రాష్ట్రపతి ఒప్పుకుంటే ‘రాష్ట్రపతి ఆమోదం’. మంత్రివర్గం ఊఁ అన్నా ఆమోదమే! నాలుగు మెట్లకూ ఒకే పేరు పెడితే, చదివేవాడు మొదటి మెట్టు దగ్గరే మేడ ఎక్కేశాననుకుంటాడు. సంస్కృతంలో ఆమోదానికి సంతోషం, పరిమళం అని అర్థాలు. తెలుగులోకి వచ్చి అంగీకారమైంది. అందులో తప్పేం లేదు. నా మట్టుకు నేను సభ విషయంలో ‘ఆమోదం’ అనీ, గవర్నర్, రాష్ట్రపతుల విషయంలో ‘సమ్మతి’ అనీ విడదీసి రాస్తాను. 2024 సెప్టెంబరు 3న పశ్చిమ బెంగాల్ శాసనసభ అత్యాచారాలకు శిక్షలు పెంచే ‘అపరాజిత’ బిల్లును ఆమోదించినప్పుడు కూడా మన దగ్గర చాలామంది ‘అపరాజిత చట్టం’ అనేశారు. అదీ రాష్ట్రపతి సమ్మతి కావలసిన బిల్లే. మహారాష్ట్ర ‘శక్తి’ బిల్లు సంగతీ ఇంతే.

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే తేడా ఇంకా బాగా పట్టుబడుతుంది. చట్టం అంటే మొదట చట్రమే, అంటే చుట్టూ బిగించిన కొయ్య. వడ్రంగి తలుపుకీ కిటికీకీ వేసే చట్టం ఇదే. తమిళంలోనూ ఈ మాటకు చట్రం, న్యాయం చెప్పే రూలు అని రెండర్థాలూ ఉన్నాయి. కొయ్యలు కోసి, కొలతలు గీసి పెట్టినంత మాత్రాన చట్టం కాదు. బిగిస్తేనే అవుతుంది. ముసాయిదా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ‘నల్లబడినది’ అని దాని మూలార్థం. సిరా కొట్టివేతలతో నల్లబడిన కాగితం అన్నమాట. బిల్లు మాత్రం ఇంగ్లిషుదే. కరెంటు బిల్లు, హోటలు బిల్లు, శాసనసభ బిల్లు అన్నీ మనకు ఒకటే బిల్లు. ఇక శాసనం సంగతి తమాషాగా ఉంటుంది. శాసనసభ, శాసనమండలి, శాసనసభ్యుడు అంటాం గానీ అక్కడ తయారయ్యేదాన్ని శాసనం అనం, చట్టం అంటాం. శాసనం అనగానే తెలుగువాడికి రాతిబండే గుర్తొస్తుంది.

ఇంకో చిత్రం చెప్పనా? 2013లో పార్లమెంటు చేసిన సవరణ చట్టాన్ని ‘నిర్భయ చట్టం’ అంటాం. దాని అసలు పేరులో నిర్భయ అన్న మాటే లేదు. అది జనం పెట్టుకున్న పేరు. కానీ అది ఖాయంగా చట్టం. దిశ విషయంలో ఇది తలకిందులు. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో బలైన పశువైద్యురాలి అసలు పేరు బయటికి రాకూడదు కాబట్టి ఆమెను ‘దిశ’ అనమన్నారు. ఆ పేరు బిల్లు శీర్షికలోకే ఎక్కింది. పేరు అధికారికం, చట్టం మాత్రం కాలేదు. అందువల్ల ‘నిర్భయ చట్టం’ అని ధైర్యంగా రాయండి, ‘దిశ బిల్లు’ అని జాగ్రత్తగా రాయండి.

అదే బిల్లు గురించి ‘21 రోజుల్లో ఉరి’ అన్న మాట అప్పట్లో టీకొట్టు దగ్గర్నుంచి టీవీ దాకా మోగింది. మా వీధి సెలూన్లో కూర్చుని నేనే రెండుసార్లు విన్నాను. బిల్లులో ఉన్నది వేరు. గట్టి సాక్ష్యాధారాలున్న కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో న్యాయవిచారణ ముగియాలి, మొత్తం 21 పనిదినాలు అని ఉంది. రోజు వేరు, పనిదినం వేరు. ఆదివారాలూ పండగలూ తీసేస్తే లెక్క నెల దగ్గరికి పోతుంది. పైగా ఆ గడువు తీర్పుకే, ఉరికి కాదు. తీర్పుకీ ఉరికీ మధ్య ఎంత దూరం ఉందో ‘ఖరారు’ దగ్గర చెబుతాను. ఈ సందర్భంలోనే ఇంకో గందరగోళం: పోలీసులు చేసేదీ విచారణే, కోర్టు చేసేదీ విచారణే అని రాస్తున్నారు. పోలీసులది దర్యాప్తు, కోర్టుది విచారణ. ఈ రెండు మాటలూ మనకు ఎప్పటినుంచో ఉన్నవే, విడివిడిగా వాడుకోవడానికే ఉన్నాయి.

ఇక రెండో సందేహం. మరణశిక్ష, మరణదండన ఒకటే. దండన అంటే దండం, అంటే కర్రతో మొదలైన మాట. శిక్షకు సంస్కృతంలో మొదటి అర్థం నేర్పడం. ఆరు వేదాంగాల్లో ఉచ్చారణ నేర్పే శాస్త్రానికి శిక్ష అనే పేరు. శిక్షణలో ఆ అర్థం ఇంకా మిగిలి ఉంది. హిందీలో శిక్షా అంటే చదువే. మీరు టీచరు కాబట్టి ‘సర్వశిక్షా అభియాన్’ బోర్డు చూసి ఎప్పుడో ఒకప్పుడు నవ్వుకునే ఉంటారు! నాకు మరణశిక్షే నచ్చుతుంది. మరణదండన కొంచెం పౌరాణిక నాటకం మాటలా వినిపిస్తుంది.

ఉరిశిక్ష మాత్రం కచ్చితంగా అదే కాదు. మరణశిక్ష అంటే ఏ శిక్షో చెబుతుంది, ఉరిశిక్ష అంటే అమలు ఎలాగో చెబుతుంది. నేరానికి శిక్ష చెప్పే సెక్షన్లలో ఉండేది మరణమే. భారతీయ న్యాయ సంహిత శిక్షల జాబితాలోనూ మొదటిది మరణమే, అక్కడ ఉరి ప్రస్తావన లేదు. ‘ప్రాణం పోయేవరకు మెడకు ఉరి బిగించి వేలాడదీయాలి’ అన్నది ఇంకో చోట, తీర్పు ఎలా రాయాలో చెప్పే నియమంలో ఉంటుంది. పాత సీఆర్‌పీసీలో అది 354(5). సైనిక చట్టం కింద అయితే ఉరి తీయవచ్చు, తుపాకీతో కాల్చీ చంపవచ్చు. కాబట్టి మన దేశపు మామూలు కోర్టుల కేసుల్లో ఉరిశిక్ష అన్నా అర్థం మారదు గానీ, అమెరికాలో విషపు సూది వేసి చంపిన ఖైదీ గురించి ‘ఉరిశిక్ష అమలు’ అని రాస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. అలా రాసినవి చూశాను నేను.

ఉరి అచ్చతెనుగు మాట. బిగుసుకునే ముడి, ఉచ్చు అని అర్థం. వేటగాళ్లు పిట్టలకు ఒడ్డేవీ ఉరులే. పాత కాలంలో మరణశిక్షకు ఇంకా రకరకాల మాటలున్నాయి. పదునైన కొర్రు మీద గుచ్చి చంపడాన్ని కొరత వేయడం అనేవారు. ఇది నీళ్ల కొరత కాదు సుమా. తల నరకడం శిరశ్ఛేదం. దీన్ని చాలామంది ‘శిరచ్ఛేదం’ అని రాస్తారు. శిరస్సు, ఛేదం కలిస్తే శకారమే రావాలి. కథల్లో రాజుగారి ఆజ్ఞ అందుకుని వధ్యశిల దగ్గరికి తీసుకెళ్లేవాడు తలారి. ఊళ్లలో తలారి అంటే కావలివాడు, గ్రామ నౌకరు. 2020 మార్చి 20న తిహార్ జైల్లో నిర్భయ కేసు దోషులు నలుగురినీ ఉరి తీసినప్పుడు మన పేపర్లు ఆ పని చేసినతన్ని తలారి అనే రాశాయి. కథల్లోని అర్థమే అచ్చులో నిలబడింది.

ఉరితో చేరే క్రియల దగ్గర మాత్రం మన భాష భలే నిక్కచ్చిగా ఉంటుంది. ‘ఉరి వేసుకున్నాడు’ అంటే తనంతట తాను చేసుకున్న పని. ‘ఉరిశిక్ష వేశారు’ అంటే జడ్జి తీర్పు చెప్పాడు, మనిషి ఇంకా జైల్లోనే ఉన్నాడు. ‘ఉరి తీశారు’ అంటే అయిపోయింది. ఇంత చక్కగా వేరుపడినవాటిని ‘కోర్టు ఉరి వేసింది’ అని ఒక్క ముక్కలో కలిపేస్తుంటే బాధగా ఉంటుంది.

మీ మూడో ప్రశ్న ‘ఖరారు’. ఇది అన్నిటికంటే మంచి ప్రశ్న. ఖరారు అరబ్బీ మాట, నిలకడ, స్థిరపడటం అని మూలార్థం. పెళ్లి ముహూర్తం ఖరారైంది అంటే ఇక మారదనే. మరి సెషన్స్ కోర్టు మరణశిక్ష విధిస్తే అది మారనిదా? కాదు. హైకోర్టు ధ్రువీకరించేదాకా ఆ శిక్షను అమలు చేయడానికే వీల్లేదు. దోషి అప్పీలు చేసుకున్నా చేసుకోకపోయినా సెషన్స్ జడ్జి ఆ కాగితాలు హైకోర్టుకు పంపి తీరాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు ఉంది, ఆ తర్వాత క్షమాభిక్ష ఉంది. ఖరారు అనే మాట ఎక్కడైనా అతికితే హైకోర్టు ధ్రువీకరణ దగ్గర అతుకుతుంది.

దగ్గరి ఉదాహరణే చెబుతాను. 2019లో వరంగల్‌లో తొమ్మిది నెలల పసిపాపను చంపిన కేసులో ఆగస్టులో కింది కోర్టు మరణశిక్ష విధించింది. ‘ఉరిశిక్ష ఖరారు’ అనుకున్నాం అందరం. నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. మూడు నెలల్లో మారిపోయినదాన్ని ఖరారు అనడానికి నోరెలా వస్తుంది? ‘విధించింది’ అంటే ఏ పేచీ లేదు. ఇక్కడ ‘మార్చింది’ అన్నానే, ‘ఉరిశిక్ష రద్దు’ అని రాస్తే అదీ సగం మాటే. రద్దు అంటే శిక్షే లేదనుకుంటారు. 1993 నాటి చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరికి ఉరి తప్పింది గానీ యావజ్జీవం తప్పలేదు.

వరంగల్ కేసులో అన్న ‘చనిపోయేదాకా జైలు’ కూడా ‘యావజ్జీవ’మే. యావత్, జీవం కలిసి యావజ్జీవం. బతికినంత కాలం అని అర్థం. పద్నాలుగేళ్లు అని జనంలో ఒక నమ్మకం ఉంది, మాటలో మాత్రం అంకె లేదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలనిపిస్తోంది. ‘పన్నెండేళ్లలోపు పిల్లలపై అత్యాచారం చేస్తే ఉరే’ అని 2018లో అందరూ రాశారు. ‘ఉరి’కీ ‘ఉరే’కీ మధ్య ఉన్నది ఒక్క ఏకారం. ‘అది తప్ప ఇంకోటి లేదు’ అని తేల్చి చెప్పడానికి మనం వాడే ప్రత్యయం అది. ఆ ఏడాది కేంద్రం తెచ్చిన సవరణలో ఉన్నది ఏమిటంటే: కనీసం 20 ఏళ్ల కఠిన జైలు, అది యావజ్జీవం దాకా వెళ్లవచ్చు, లేదా మరణశిక్ష. ‘లేదా’ని ఏకారం మింగేసింది. పైగా జడ్జికి వేరే దారి లేకుండా మరణశిక్ష ఒక్కటే విధించి తీరాలన్న పాత ఐపీసీ 303 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1983లోనే మిఠ్ఠూ కేసులో కొట్టేసింది. ‘విధించవచ్చు’ అని ఉన్నచోట ‘విధిస్తారు’ అని అనువదించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పైన అచ్చు వేయలేదు గానీ, మీ ఉత్తరం చివర ‘ముద్దాయికి ఉరిశిక్ష పడింది’ అని ఒక వాక్యం రాశారు. తీర్పు వచ్చాక అతను దోషి, అంతకుముందు నిందితుడు. ముద్దాయి అన్నా తెలుగులో తప్పు పట్టను, అందరూ అంటున్నదే. కానీ ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసిన ఫిర్యాదీ! ఎదుటివాణ్ణి వేరే మాటతో పిలుస్తారు. మన కోర్టుల్లోకి వచ్చేసరికి ఎక్కడ తారుమారైందో గానీ, ఫిర్యాదు చేసినవాడే బోనెక్కాడు పాపం.