చిట్టికి, బుల్లెట్ స్విచ్ విప్పే ముందు

చిట్టీ,

నాన్న బుల్లెట్‌కి ఇగ్నిషన్ స్విచ్ నువ్వే మారుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అంత భయమూ వేసింది. అందుకే ఫోన్‌లో కాకుండా రాస్తున్నాను. పని చేసేటప్పుడు కాగితం పక్కన పెట్టుకో.

అసలు తప్పు స్విచ్‌దేనని ముందు తేల్చుకున్నావా? హ్యాండిల్ తిప్పినప్పుడే ఇంజన్ ఆగుతుంటే స్విచ్‌ని తిట్టకు. బుల్లెట్‌లో స్విచ్ ఉండే హెడ్‌లైట్ డూమ్ హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. ఏళ్ళ తరబడి మెలిపడి మెలిపడి, మెడ దగ్గర వైరు లోపలే తెగుతుంది. తాళం ఆన్ చేసి, కిక్ మెల్లగా దించుతూ, కరెంటు చూపించే ఆమీటర్ చూడు. కాయిల్‌కి, అదే స్పార్క్ పుట్టించే చుట్టకి, కరెంటు కలిపి తెంచే పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వంగాలి, విడినప్పుడు మధ్యకి రావాలి. ముల్లు అసలు కదలకపోతే కాయిల్‌కి కరెంటు అందడం లేదన్నమాట. పాయింట్లు కలిసి ఉండగా మల్టీమీటర్ ఒక కొన స్విచ్‌లోకి వచ్చే వైరుకి, రెండోది కాయిల్‌కి వెళ్ళే వైరుకి ఆనించు. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపిస్తే స్విచ్ లోపల అరిగిపోయినట్టే. మీది 6 వోల్టుల బండి. 30 వాట్ల బల్బు 12 వోల్టుల మీద రెండున్నర ఆంపియర్లు లాగితే, 6 మీద 5 లాగుతుంది. అరిగిన స్విచ్ అంత కరెంటు మోయలేక వేడెక్కుతుంది. ఆరులో అర వోల్టు పోతే స్పార్క్ కూడా నీరసపడుతుంది.

ఏ వైరు ఎక్కడిదో ఫోటో తీసుకో, ఒక్కోదానికీ టేపు అంటించి పేరు రాయి. రంగులు నమ్మకు. ఆ బండి ఎన్ని చేతులు మారి మీ నాన్న దగ్గరికి వచ్చిందో, ఎవరికి ఏ వైరు దొరికితే అది వేశారు.

ఇప్పుడు అసలు సంగతి. స్విచ్ ముట్టుకునే ముందు బ్యాటరీ వైర్లు విప్పెయ్యాలి. ఛాసిస్‌కి బిగించిన ఎర్త్ వైరు ఏదో చూసుకుని ముందు దాన్నే విప్పు. పాత బండ్లలో కొన్నిటికి పాజిటివే ఎర్త్. ఎర్త్ తీసేశాక రెండో వైపు విప్పేటప్పుడు స్పానర్ ఛాసిస్‌కి తగిలినా నిప్పు రాదు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. నాన్న కుడి అరచేతిలో మచ్చ ఉంది చూడు, సైలెన్సర్ కాలిందని నీకు చెప్పి ఉంటారు. కాదమ్మా. 1994 వేసవిలో బావ స్విచ్ కొత్తది తనే బిగించుకున్నాడు. డూమ్ అంచుకి వైరు ఒరుసుకుంటోందని చూసుకోలేదు. ఫ్యూజు పోయింది. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. విసుగొచ్చి ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టేశాడు. అది ఆ రోజుల్లో అందరూ చేసేదే, బావ ఒక్కడి తప్పని అనను. ఆ రాత్రి ఏలూరు నుంచి వస్తున్నారు. వెనక మీ అమ్మ, ముందు ట్యాంకు మీద నువ్వు, మూడేళ్ళ పిల్లవి. హనుమాన్ జంక్షన్ దాటాక నీ కాళ్ళ సందులోంచి పొగ.

బావ తాళం ఆపేశాడు. పొగ ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? బ్యాటరీ నుంచి స్విచ్ దాకా వచ్చే వైరులో తాళం ఆపినా కరెంటు ఉంటుంది. దాన్ని ఆపగలిగేది ఫ్యూజు ఒక్కటే, అక్కడేమో రాగి తీగ. మీ అమ్మ నిన్ను లాక్కుని చేల గట్టు మీదికి పరిగెత్తింది. బావ ఎర్రగా కాలిన టెర్మినల్‌ని ఉత్త చేత్తో పీకాడు. మర్నాడు నేను ట్యాంకు దించి చూస్తే, కింద వైరింగ్ కిట్ మొత్తం కరిగి ఛాసిస్‌కి అతుక్కుపోయి ఉంది. పైన నిండా పెట్రోలు. అప్పుడు నా చేతులు వణికిన వణుకు నాకింకా గుర్తుంది.

అందుకని ఫ్యూజు బండికి చెప్పిన రేటింగ్‌దే వెయ్యి. పోతే కారణం దొరికేదాకా రెండోది వెయ్యొద్దు. డూమ్‌లోకి వైర్లు దూరే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి, ఎండిపోయి ఉంటే కొత్తది పెట్టు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం నాకు తెలిస్తే ఊరుకోను. వైరు కొనకి లోహపు లగ్గు వేసి గట్టిగా నొక్కి పైన స్లీవ్ తొడుగు. బిగించడం నీకు చెప్పక్కర్లేదు. తర్వాత హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, వైర్లు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూశాకే బ్యాటరీ కలుపు. ఎర్త్ ఆఖర్న.

ఇంజన్ ఆపిన ప్రతిసారీ తాళం కూడా ఆపు. పాయింట్లు కలిసే చోట ఇంజన్ ఆగి ఉంటే, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్ కాలుతూనే ఉంటుంది.

నాన్నకి తెలియకుండా చెయ్యకు, తల్లీ. పక్కన కుర్చీ వేసి టార్చి ఆయన చేతికివ్వు. పాత స్విచ్ పారెయ్యకు, నేను దసరాకి వచ్చినప్పుడు విప్పి చూడాలి.

మీ మావయ్య