ముడసర్లోవలో గాలం వేస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది ఆరిలోవ. మొన్న ఆదివారం మా అబ్బాయి ముడసర్లోవ రిజర్వాయరు దగ్గర, కొండవైపు గట్టున గాలం వేసి నాలుగు జిలేబి చేపలు పట్టాడు. ఫారెస్ట్ వాళ్లు బండి పట్టుకెళ్లారు. తప్పు చేశానని రాసి సంతకం పెట్టమంటున్నారు. చేపలు పడితే అంత నేరమా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ సంతకం ఆపించండి. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా కోర్టులో చెల్లదు. అటవీ అధికారులు మాత్రం చట్టం దృష్టిలో పోలీసులు కారు. వాళ్ల ముందు రాసిచ్చిన మాట మీవాడి మీదే సాక్ష్యమవుతుంది. ‘రాసిచ్చేస్తే బండి వదిలేస్తారు’ అని పక్కవాళ్లు చెబితే నమ్మకండి.

ఇక కేసంతా అబ్బాయి కూర్చున్న చోటు మీదే ఆధారపడుతుంది. జలాశయం విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీది, పక్కనే కంబాలకొండ అభయారణ్యం. గాలం వేసింది అభయారణ్యం హద్దు లోపలైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. జిలేబి చేప ఆ చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జీవుల జాబితాల్లో, లేదు కాబట్టి దీన్ని ‘వేట’ అనడానికి వీల్లేదు. వేట కేసు పెడితే గట్టిగా అభ్యంతరం చెప్పండి, ఎందుకంటే అభయారణ్యంలో వేటకు కనీసం మూడేళ్ల జైలు. కానీ సెక్షన్ 27 ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, 29 ప్రకారం అక్కడి జీవిని తీసుకెళ్లడం నేరాలే. షెడ్యూళ్లలో లేకపోయినా, ఆ చట్టంలోని ‘జంతువు’ నిర్వచనంలో చేప కూడా ఉంది. ఈ రెండు నేరాలకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

హద్దు బయటైతే ఆ చట్టం కింద కేసు నిలవడం కష్టం. అయినా అవి మనం తాగే నీళ్లు, జీవీఎంసీ అనుమతి లేకుండా గాలం వేయకూడదు. నీళ్లలో విషం కలిపినా, తోటాలు పేల్చినా 1897 నాటి చేపల చట్టం కింద వేరే కేసవుతుంది.

కాబట్టి పంచనామా నకలు అడగండి. పట్టుకున్న చోటు అందులో ఎలా రాశారో చూసి, రేంజ్ ఆఫీసులో అభయారణ్యం మ్యాపుతో పోల్చండి. ‘రిజర్వాయరు దగ్గర’ అని మాత్రమే ఉంటే మీ లాయరుకు అది మంచి పట్టు.

బండి సంగతికొస్తే, పట్టుకున్నంత మాత్రాన అది ప్రభుత్వానిదైపోదు. మధుకర్ రావు కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టం చేసింది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జతచేసి కేసు తేలేదాకా బండి మీకిప్పించమని మేజిస్ట్రేట్ కోర్టులో తాత్కాలిక కస్టడీ పిటిషన్ వేయండి.