గార్డినాల్ వల్లే అమ్మకు మతిమరుపా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. మూర్ఛకని పాతికేళ్లుగా రోజూ రాత్రి గార్డినాల్ 60 మాత్రలు రెండు వేసుకుంటోంది. ఏడాదిగా పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది, పగలు కూర్చున్నచోటే తూగుతోంది. ఇలాంటి మత్తుమందులతో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వస్తుందని చదివాం. మానిపించెయ్యమా?
- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా తగ్గించకండి. గార్డినాల్ అంటే ఫినోబార్బిటోన్, బార్బిచ్యురేట్ అనే పాతకాలపు మత్తుమందుల జాతిది. ఒంట్లో ఉన్నదాంట్లో సగం పోవడానికే మూడు నాలుగు రోజులు పడుతుంది. అందుకే ఆపిన మొదట్లో ఏమీ కాదు, ‘అక్కర్లేని మందే’ అనిపిస్తుంది. ఆ తర్వాత మూర్ఛ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు.

ఇక పరిశోధనల మాట. మీరు చదివింది చాలావరకు బార్బిచ్యురేట్ల తర్వాత వచ్చిన బెంజోడయజపైన్ల (నిద్రకు, కంగారుకు రాసే మాత్రలు) గురించి అయ్యుంటుంది. 2014లో కెనడాలోని క్విబెక్ అధ్యయనం వాటికీ, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌కూ సంబంధం కనిపిస్తోందంది. 2016లో అమెరికాలో 3,434 మంది వృద్ధులను గమనించినవాళ్లు, ఎక్కువగా వాడినవాళ్లలో ముప్పు పెరగలేదన్నారు. చిక్కు ఎక్కడంటే, డిమెన్షియా బయటపడకముందే నిద్ర చెడుతుంది, కంగారు మొదలవుతుంది. వాటికే మాత్ర రాస్తారు, తర్వాత నేరం మాత్ర మీద పడుతుంది. ఫినోబార్బిటోన్ బుర్రను మందగింపజేస్తుందన్నది మాత్రం నిజం. అది చాలావరకు మందు తగ్గిస్తే తగ్గేదే. పైగా ఏళ్ల తరబడి మూర్ఛ ఉంటే దానివల్లా జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది.

నాకైతే మందు ఒంట్లో ఎక్కువైందేమోనన్న అనుమానమే ముందు. నెలకు 60 మాత్రలు పట్టాలి. ఇరవై రోజులకే అయిపోతున్నాయా? వేసుకున్నది మర్చిపోయి మళ్లీ వేసుకుంటున్నారన్నమాట. మాత్రలు మీ దగ్గర పెట్టుకుని మీ చేత్తోనే ఇవ్వండి. రక్తంలో ఫినోబార్బిటోన్ లెవెల్ చేయించండి. రాత్రి మాత్రకు ముందు రక్తం ఇస్తే మంచిది. మామూలుగా మిల్లీలీటరుకు 15 నుంచి 40 మైక్రోగ్రాములు. వయసు మీదపడ్డాక, కిడ్నీ మందగించాక ఆ లోపలే ఉన్నా తూగుతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, కాల్షియం, బి12, ఫోలేట్, థైరాయిడ్ కూడా చూపించండి. వీటిలో ఏది తేడా కొట్టినా మతిమరుపులాగే ఉంటుంది. జలుబు మాత్రలు, దగ్గు సిరప్ సొంతంగా ఇవ్వకండి, మత్తు రెట్టింపవుతుంది.

ఆ కాగితాలు, ఖాళీ స్ట్రిప్పులు, చివరిసారి మూర్ఛ వచ్చిన తేదీ పట్టుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ ఓపీకో, మీ న్యూరాలజిస్టు దగ్గరికో వెళ్లండి. మార్చాలనుకుంటే ముందు లెవెటిరాసిటమ్ లాంటి వేరే మూర్ఛ మందు మొదలుపెట్టి, దీన్ని నెలల మీద కొద్దికొద్దిగా దించుతారు. అమ్మ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే ముందే చెప్పండి. గార్డినాల్ దిగేకొద్దీ వార్ఫరిన్ పని పెరిగి రక్తస్రావం కావచ్చు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చూడాలి.