అంపశయ్య పక్కన పెట్టి ముందు అల్పజీవి చదవండి

'అసమర్థుని జీవయాత్ర' నచ్చిందని, తర్వాత పట్టుకున్న 'అంపశయ్య' మధ్యలో ఆగిపోయిందని రాశారు. నవల కష్టమైనది కాదండీ, వరస మార్చండి చాలు.

ముందు రావిశాస్త్రి 'అల్పజీవి' చదవండి. చిన్న నవల. 'అసమర్థుని జీవయాత్ర' నాయకుడు సీతారామారావును అహం తినేస్తే, ఇక్కడి గుమాస్తా సుబ్బయ్యను భయం తినేస్తుంది. ఆలోచనల వెంట కథ నడిచే తీరు దీంతో అలవాటవుతుంది. ఆ తర్వాత బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'. తల్లి మీద పడ్డ నింద దయానిధిని ఎంత దూరం వెంటాడుతుందో గమనిస్తూ చదవండి, అసలు పట్టు అక్కడే ఉంది.

అప్పుడు మళ్ళీ 'అంపశయ్య'. అదంతా ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క రోజు. జ్ఞాపకం, వర్తమానం చెప్పాపెట్టకుండా కలిసిపోతాయి కాబట్టి రోజుకు పది పేజీలు చదివితే దారం తెగుతుంది. సెలవు రోజు చూసుకుని, కనీసం రెండు గంటలు కదలకుండా కూర్చోండి.